భూమి కింది నీటికీ తైబందీ కావాలి



బోరు వేయాలంటే తహసీల్దారు అనుమతి ఎందుకు? నా చెలకలో, నా అప్పుతో నేను వేసుకునే బోరుకు సర్కారు అడ్డేమిటి? దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఎండలు ముదిరిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఇది. దీనికి ఎదురుగా ఇంకో మాట కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. ఎవరికి వారు నేలను తూట్లు పొడుస్తూ పోతే ఊరికి తాగునీళ్లు కూడా మిగలవనీ, చట్టాన్ని కఠినంగా అమలు చేయాల్సిందేననీ. భూగర్భ జలాల మీద ప్రభుత్వ నియంత్రణను పెంచాలా వద్దా అన్న చర్చ చాలాకాలంగా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతోంది. నియంత్రణ కావాలనే ఈ ప్రసంగంలో నేను వాదిస్తాను. అయితే నేను కోరేది బోరుకో కాగితం చొప్పున ఇచ్చుకుంటూ పోయే నియంత్రణ కాదు. చెరువులో ఎంత నీరుందో చూసి, ఈ యాసంగికి ఎన్ని ఎకరాలు పారుతుందో ముందే తేల్చుకునే తైబందీ పద్ధతి మన ఊళ్లకు తరతరాలుగా తెలుసు. భూమి పైన నిలిచిన నీటికి ఉన్న ఆ తైబందీ భూమి కింద నిలిచిన నీటికి కూడా రావాలి. లెక్క ఊరు వేయాలి, దాని వెనక చట్టం నిలబడాలి. నా వాదన ఇదే.

ముందుగా మన కాళ్ల కింద ఏముందో చూద్దాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలు చాలావరకు గ్రానైటు, నైసు రాళ్ల మీద ఉన్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నట్టు లోతైన ఇసుక పొరలు ఇక్కడ లేవు. పైన కొన్ని అడుగుల మట్టి, దాని కింద మెత్తబడిన మొరం, ఆ కింద గట్టి బండ. మొరంలో కొంత నీరు నిలుస్తుంది. బండలో నీరుండేది పగుళ్లలోనే. లోతుకు పోయిన కొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. అందుకే ఒక బోరులో రెండించుల నీళ్లు పోస్తే, పది గజాల అవతల వేసిన బోరులో దుమ్ము లేస్తుంది. ఐదు వందల అడుగులకు పడని నీళ్లు ఎనిమిది వందల అడుగులకు పడతాయన్న నమ్మకంతో ఎందరో రైతులు అప్పుల పాలయ్యారు. మోటబావుల కాలంలో మనం వాడుకున్నది మొరంలోని నీటిని. ఆ బావులు ఎండాక బావిలోనే బోర్లు దించారు, తర్వాత నేరుగా చెలకల్లో బోర్లు వేశారు. ఏ ఏటి వాన నీటిని ఆ ఏడే వాడుకునే దశ దాటి, ఏళ్ల తరబడి పగుళ్లలో చేరిన నీటిని తోడుకునే దశకు వచ్చాం. ఆ పగుళ్లకు సర్వే నంబర్లు తెలియవు. నా బోరు కింది పగులు పక్క రైతు పొలం కిందికి, అక్కడి నుంచి ఊరి తాగునీటి బోరు కిందికి పోతుంది. అన్నదమ్ములందరూ ఒకే గాదెలోంచి గింజలు తీసుకుంటూ, ఎవరి గాదె వారిదే అనుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతోంది.

ఇప్పుడు ఆదాయం, ఖర్చు లెక్క వేద్దాం. ఈ మెట్టల్లో సగటున ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుందాం. గట్టి రాతి ప్రాంతంలో ఆ వానలో సుమారు పదో వంతు మాత్రమే లోపలికి ఇంకి భూగర్భ జలంగా మారుతుంది. మిగిలినది వాగుల్లో పారిపోతుంది, లేదా ఆవిరవుతుంది, లేదా చెట్టూ చేమా తాగేస్తాయి. అంటే ఎకరం నేల ఏడాదంతా సంపాదించే నీళ్లు 70 మిల్లీమీటర్లు. యాసంగి వరికి నాటు నుంచి కోత వరకు దాదాపు 1200 మిల్లీమీటర్ల నీళ్లు కట్టాల్సి వస్తుంది. భాగిస్తే, ఒక్క ఎకరం యాసంగి వరి పదిహేడు ఎకరాల వాన సంపాదనను తాగుతుందని తేలుతుంది. మడిలో పెట్టిన నీరంతా పోదు, కొంత మళ్లీ ఇంకుతుంది అని ఎవరైనా అనవచ్చు. అది నిజమే. సగం తిరిగి ఇంకిందనుకున్నా ఎకరం వరి వెనక ఎనిమిది, తొమ్మిది ఎకరాల వాన ఉంటుంది. అదే వేరుశనగ లాంటి ఆరుతడి పంటకు దాదాపు 500 మిల్లీమీటర్లు సరిపోతాయి. ఏడెకరాల సంపాదనతో ఆ ఎకరం గట్టెక్కుతుంది. ఊరి శివారు విస్తీర్ణం ఎంతో రికార్డుల్లో ఉంది, వాన ఎంత పడిందో మండలంలో కొలుస్తున్నారు. ఆ ఊరు యాసంగిలో ఎన్ని ఎకరాల వరిని మోయగలదో కట్టె పలక మీద కూడా లెక్క వేయవచ్చు. ఇంత తేలికైన లెక్క ఏ ఊరి గ్రామసభలోనూ చర్చకు రాకపోవడమే మన అసలు సమస్య అని నేను భావిస్తున్నాను.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి పేరుతో రెండు మండల కేంద్రాలున్నాయి. ఒకటి ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో, సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో ఉంది. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల ద్వారా గోదావరి నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రాంతమది. రెండోది నాగార్జునసాగర్ పక్కన, నల్లగొండ జిల్లాలో ఉన్న తిరుమలగిరి. అక్కడి మెట్టల మీద తండాలు, చెలకలు ఉన్నాయి. అంత పెద్ద జలాశయం పక్కనే ఉన్నా ఎత్తు మీద ఉన్న పొలాలకు కాలువ నీరు ఎక్కదు. అందుకే 2021 ఫిబ్రవరిలో నెల్లికల్లు ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేయాల్సి వచ్చింది. ఒక తిరుమలగిరి కాలువ చివరన ఉంది, ఇంకో తిరుమలగిరి జలాశయం అంచున ఉంది. రెండు చోట్లా కాలువ వచ్చినా రాకపోయినా రైతు చివరకు నమ్ముకునేది బోరునే. భూగర్భ జలాల చర్చకు ఈ రెండు ఊళ్లకంటే మంచి ఉదాహరణ ఉండదు. పెద్ద ప్రాజెక్టులు వస్తే నియంత్రణ అవసరమే ఉండదన్న మాటను ఇక్కడే పరీక్షించి చూడవచ్చు.

ఆ పరీక్ష ఇప్పటికే జరిగింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను గుర్తించి పూడిక తీసే పని చేపట్టారు. కాలువల నీళ్లతో చెరువులు నింపారు. వానలు కూడా కొన్నేళ్లు బాగా పడ్డాయి. ఫలితంగా రాష్ట్రంలో భూగర్భ జలాల వాడకం, అంటే ఇంకిన నీటిలో మనం తోడుకునే వాటా, 2017లో 65 శాతం దాకా ఉన్నది 2023 నాటికి 40 శాతం లోపుకు తగ్గిందని అధికారిక అంచనాలు చెప్పాయి. ఇది చిన్న విజయం కాదు, దాన్ని తక్కువ చేయకూడదు. ఈ అంకె చూపించి ఇక నియంత్రణ ఎందుకని అడిగేవారున్నారు. కానీ అదే 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు ముఖం చాటేశాయి. నాగార్జునసాగర్ నిండలేదు, ఆ యాసంగిలో ఎడమ కాలువ ఆయకట్టుకు సాగునీరు అందలేదు. 2024 వేసవి నాటికి సూర్యాపేట, జనగామ, నల్లగొండ జిల్లాల్లో పొట్టకొచ్చిన వరి ఎండిపోయింది. ఒక్క ఏడు కాలువ తప్పేసరికి అందరూ ఒకేసారి బోర్ల మీద పడ్డారు. రాష్ట్ర సగటు బాగుండవచ్చు, కానీ రైతు బతికేది సగటులో కాదు, తన ఊరి బండ మీద. పైగా నీళ్లు ఉన్నప్పుడే నియమం పెట్టుకోవడం తేలిక. ఎండిన ఏడాది నియమం పెడితే అది శిక్షలా తోస్తుంది. నిండిన ఏడాది అలవాటైతే అది ఊరి కట్టుబాటుగా నిలుస్తుంది.

నా భూమి కింది నీళ్లు నావే అన్న వాదనకు చట్టంలో పాత పునాది ఉంది. బ్రిటిషు వారు చేసిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, నిర్దిష్టమైన ప్రవాహంగా పారని భూగర్భ జలాన్ని భూయజమాని తన హద్దుల్లో తోడుకోవచ్చని ఒప్పుకుంది. అంతకు ముందు 1843లో ఇంగ్లండులో ఏక్టన్, బ్లండెల్ అనే వారి మధ్య జరిగిన వ్యాజ్యంలో కోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇదే దారిలో నడిచింది. భూమి లోపల నీరు ఎటు పోతుందో ఎవరికీ తెలియని కాలంలో పుట్టిన సూత్రం అది. అప్పట్లో మన ఊళ్లలో మనుషులు, ఎద్దులు లాగే మోటతో తోడేవారు. ఒకరి తోడకం ఇంకొకరికి పెద్దగా తగిలేది కాదు. ఐదు, పది హార్స్‌పవర్ మోటార్లతో వందల అడుగుల లోతు నుంచి నీళ్లు గుంజుతున్న ఈ రోజుల్లో ఆ సూత్రం ఇంకా నిలవాలనడం న్యాయం కాదు. మన సుప్రీంకోర్టు 2004లో కేశోరాం ఇండస్ట్రీస్ కేసులో లోతైన భూగర్భ జలం విషయంలో ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త అన్న సూత్రం వర్తిస్తుందని చెప్పింది. నా భూమి మీద నా హక్కు పోయిందని దీని అర్థం కాదు. పక్కవాడి బావిని ఎండబెట్టే హక్కు నాకు లేదని మాత్రమే. నిజానికి ఆంక్షలు లేని చోట సొంత హక్కుకే రక్షణ లేదు. నేను రెండు వందల అడుగుల్లో పొందిన నీటిని, నాకంటే ఎక్కువ డబ్బున్నవాడు ఆరు వందల అడుగుల బోరుతో లాక్కుంటే నేను ఎవరికి చెప్పుకోవాలి?

చట్టాలు లేక కాదు మనం ఈ స్థితికి వచ్చింది. 1996లో తాగునీటి రక్షణ కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక భూగర్భ జల చట్టం చేసింది. దాని స్థానంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే మనం వాల్టా అంటున్నాం. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వరాదని ఆ చట్టం చెబుతుంది. బావులు, బోర్లు నమోదు చేయాలంటుంది. బోరుబండ్లు కూడా నమోదు కావాలంటుంది. నీరు మితిమీరి తోడిన ప్రాంతాలను ప్రకటించి అక్కడ కొత్త బోర్లను ఆపే అధికారం ఇచ్చింది. కాగితం మీద ఇంత సమగ్రమైన చట్టాలు దేశంలో తక్కువ. తెలంగాణ ఏర్పడ్డాక కూడా ఇదే చట్టం కొనసాగుతోంది. అయినా ఊళ్లలో రాత్రికి రాత్రి బోరుబండి దిగడం, తెల్లారేసరికి కేసింగు పైపు నిలబడడం ఆగలేదు. మండల స్థాయిలో ఈ బాధ్యత తహసీల్దారు మీద పడింది. ధ్రువపత్రాలు, భూముల తగాదాలు, ఎన్నికల పనులు అన్నీ చూసే ఆ కార్యాలయం రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా ఉన్న వ్యవసాయ విద్యుత్ కనెక్షన్ల వెనక ఉన్న బోర్లను ఒక్కొక్కటిగా కాపలా కాస్తుందని ఆశించడమే పొరపాటు.

వాల్టా విఫలం కావడానికి అమలు లోపం ఒక్కటే కారణమని చాలామంది అంటారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద లోపం దాని నిర్మాణంలోనే ఉంది. కొత్త బోరును ఆపడం మీదే దాని బలమంతా ఉంది, పాత బోరు ఎంత తోడినా దాదాపు అడగదు. మన ఊళ్లలో ముందుగా బావులు, బోర్లు వేసుకున్నది ఎవరు? చెరువు కింద, వాగు ఒడ్డున మంచి భూమి ఉన్నవారు, అప్పు పుట్టించుకోగలిగినవారు. అసైన్డు భూమి పొందిన దళితులు, తండాల గిరిజనులు మెట్ట చెలకల్లో ఆలస్యంగా వ్యవసాయం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇక చాలు, కొత్త బోర్లు వద్దు అంటే, ముందు వచ్చినవాడి వాటాకు చట్టం తాళం వేసి కాపలా కాసినట్టే. నియంత్రణ పేదవాడినే కొడుతుంది అన్న అభ్యంతరంలో ఉన్న నిజం ఇది. ఆ నిజాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. దానికి జవాబు నియంత్రణ ఎత్తేయడం కాదు, నియంత్రణను కొత్త బోరు నుంచి మొత్తం నీటి వాడకం మీదికి మార్చడం. కరువు ఏడాదిలో పాత బోరున్నవాడు కూడా ఎకరాలు తగ్గించుకోవాలి. అప్పుడే కొత్తవాడికి నీళ్లు మిగులుతాయి. నియంత్రణ అసలే లేకపోతే పేదవాడికి ఏమవుతుందో ఇప్పటికే చూస్తున్నాం. మోటారు, పైపులతో కలిపి లక్ష రూపాయలు దాటే ఖర్చుతో ఒకటి తర్వాత ఒకటి బోర్లు వేసి, నీళ్లు పడక, వడ్డీలు కట్టలేక పాలమూరు, నల్లగొండ రైతులు వలస పోయారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ లోతుల పందెంలో మొదట ఓడేది ఎప్పుడూ చిన్న రైతే.

ఇక్కడ కరెంటు ప్రస్తావన తప్పదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టినప్పటి నుంచి నీళ్లు ఎంత తోడినా ఖర్చు మారని పరిస్థితి వచ్చింది. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆర్థికవేత్తలు కొందరు మీటర్లు పెట్టి బిల్లు వేస్తే చాలు, ఇంకే నియంత్రణా అక్కర్లేదంటారు. నేను దాన్ని అంగీకరించను. కాలువ కింది రైతుకు నీరు దాదాపు ఉచితంగా వస్తున్నప్పుడు, సొంత ఖర్చుతో బోరు వేసుకున్న మెట్ట రైతు మీద బిల్లు వేయడం అన్యాయమవుతుంది. పైగా ధర పెంచితే ముందు ఆగేది పేదవాడి మోటారే కాని, ఎక్కువ భూమి ఉన్నవాడి మోటారు కాదు. అయితే ఉచితం అంటే లెక్క ఉండకూడదని కాదు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎంత కరెంటు కాలిందో కొలిస్తే ఆ పొలాల్లో ఎంత నీరు తోడారో అంచనా దొరుకుతుంది. ఆ అంకెను ఊరికి చూపించాలి, బిల్లు వేయాల్సిన పని లేదు. ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరిన సందర్భముంది. మోటారు దానంతట అదే తిరుగుతుంటే నీళ్లు మడి దాటి వాగులో కలిసినా అడిగేవారుండరు. ఉచిత కరెంటును నిలుపుకోవాలన్నా ఈ లెక్క అవసరమే.

వరి వేయొద్దంటే రైతు ఏం వేయాలి, ఎవరు కొంటారు అన్నది ఇంకో గట్టి అభ్యంతరం. దీనికి సమాధానం చెప్పని నియంత్రణ ఏదీ నిలబడదు. 2021 చివర్లో ఉప్పుడు బియ్యం కేంద్రం కొనదని తేలి, యాసంగి వడ్లు కొనలేమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోండి. అంతకు ముందు యాసంగిలో 50 లక్షల ఎకరాలు దాటిన వరి ఆ యాసంగిలో సుమారు 36 లక్షల ఎకరాలకు దిగింది. ఏ తహసీల్దారూ నోటీసు ఇవ్వలేదు, ఏ మోటారూ సీజు చేయలేదు. కొనుగోలు కేంద్రం గురించిన ఒక్క ప్రకటన భూగర్భ జలాల చట్టం ఇరవై ఏళ్లలో చేయలేని పని చేసింది. అయితే ఆ పని రైతుకు ప్రత్యామ్నాయం చూపించకుండా జరిగింది కాబట్టి గాయం మిగిల్చింది. నేను తీసుకునే పాఠం ఏమిటంటే, జొన్న, కంది, పెసర, వేరుశనగ, నువ్వులను వడ్లలాగే ఊరి కొనుగోలు కేంద్రంలో, మద్దతు ధరకు, అంతే నమ్మకంగా కొన్నప్పుడే తైబందీకి అర్థం ఉంటుంది. వడ్లకు మాత్రమే భరోసా ఇచ్చి, నీళ్లు పొదుపు చేయమని రైతుకు బోధించడం ప్రభుత్వం తన బాధ్యతను రైతు నెత్తిన పెట్టడమే.

ఊరే లెక్క వేసుకోవడం సాధ్యమా అని సందేహించేవారికి మన జిల్లాల అనుభవమే జవాబు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నెదర్లాండ్స్ నిధులతో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల యాజమాన్య పథకం నడిచింది. అది నడిచిన ఏడు కరువు పీడిత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. వందలాది ఊళ్లలో రైతులే, అందులో చదువు పెద్దగా లేనివారు కూడా, వానమాపకం చూసి రాశారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని పంటల నీటి బడ్జెటు వేసుకున్నారు. ఎవరినీ ఎవరూ నిషేధించలేదు. అంకె కళ్ల ముందు ఉండేసరికి చాలామంది రైతులు తమంతట తాము వరి తగ్గించుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన భారత భూగర్భ జలాల నివేదిక ఈ పనిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. అదే కాలంలో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వాసన్ వంటి స్వచ్ఛంద సంస్థలు బోర్లున్న రైతులనూ లేని రైతులనూ కలిపి, బోర్లను పైపులైన్లతో జోడించి, కొత్త బోరు వేయకుండానే అందరి చెలకలకు కనీసం ఒక తడి అందించే పద్ధతిని నిలబెట్టాయి. ఆలస్యంగా వచ్చినవాడికి న్యాయం ఎలా చేయాలన్న ప్రశ్నకు అంతకంటే మంచి సమాధానం నాకు తెలియదు. కానీ ప్రాజెక్టుల గడువు ముగిసి, నిధులు ఆగాక చాలాచోట్ల కొలతలు సడలిపోయాయి. ఊరి నిర్ణయాన్ని ఒకరు కాదన్నా ఆపే అధికారం ఆ సంఘాలకు లేదు. ఊరు లేని చట్టం వాల్టాలో విఫలమైంది, చట్టం లేని ఊరు ఈ పథకాల్లో అలసిపోయింది. రెండింటినీ కలపడమే మిగిలిన దారి.

బయటి అనుభవాలు కూడా ఇదే చెబుతున్నాయి. పంజాబ్ 2009లో చట్టం చేసి జూన్ 10 కంటే ముందు వరి నాట్లు వేయరాదంది. ఎండల్లో నీటి తోడకం కొంత తగ్గింది, కానీ కోతలు ఆలస్యమై గోధుమ విత్తడానికి గడువు చాలక గడ్డి కాల్చడం పెరిగిందనీ, ఢిల్లీ పొగకు అదీ ఒక కారణమనీ పరిశోధకులు అంటున్నారు. రాష్ట్రమంతటికీ ఒకే తేదీ పెట్టిన నియంత్రణ ఒక సమస్యను ఇంకో సమస్యగా మార్చింది. స్పెయిన్ 1985లో భూగర్భ జలాలను ప్రజల ఆస్తిగా ప్రకటించి బావులన్నీ నమోదు చేయాలంది. లక్షల బావుల ముందు ఆ యంత్రాంగం చాలలేదు, దొంగ బావులు మిగిలే ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా 2014లో వేరే దారి ఎంచుకుంది. ఒక్కో భూగర్భ జల పరీవాహకానికి ఒక స్థానిక సంస్థను ఏర్పాటు చేసుకుని, దాదాపు ఇరవై ఏళ్లలో తోడకానికీ ఇంకుడుకూ సమతూకం తెచ్చుకోమంది. స్థానికులు చేయలేకపోతేనే రాష్ట్రం రంగంలోకి దిగుతుందని షరతు పెట్టింది. ఇక మన దేశంలో కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 మార్గదర్శకాలు వ్యవసాయాన్ని అనుమతుల నుంచి మినహాయించాయి. 2019లో మొదలైన అటల్ భూజల్ యోజన గ్రామస్థాయి నీటి ప్రణాళికలకు నిధులిచ్చింది కాని, అది అమలైన ఏడు రాష్ట్రాల్లో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. కాబట్టి మన దారి మనమే వేసుకోవాలి.

అది ఎలా ఉండాలి? అక్టోబరులో, వానలు వెనక్కి పోయాక, ప్రతి ఊళ్లో గ్రామసభ నీటి లెక్క కోసమే కూర్చోవాలి. ఆ ఏడు పడ్డ వాన, చెరువు మట్టం, భూగర్భ జల శాఖ పరిశీలక బోర్లలోని నీటి మట్టం, ట్రాన్స్‌ఫార్మర్ల కరెంటు లెక్క పంచాయతీ గోడ మీద రాయాలి. తాగునీటి వాటా మొదట పక్కన పెట్టాలి. మిగిలిన నీటికి ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల ఆరుతడి అని తీర్మానం చేయాలి. బోరు ఉన్నవారూ లేనివారూ, కౌలు రైతులూ ఆ లెక్కలో ఉండాలి. తైబందీ మీరినవారికి పంట నష్టపరిహారం వంటి సాయాల్లో కోత ఉండవచ్చు, పాటించిన ఊరికి పైపులైన్లు, డ్రిప్పు, చెరువు పనుల్లో ముందు వరుస ఇవ్వవచ్చు. ప్రభుత్వం కర్ర ఎత్తాల్సింది ముఖ్యంగా ఒక్క చోట, బోరుబండ్ల మీద. లక్షల మంది రైతుల వెంటపడటం ఏ శాఖకూ సాధ్యం కాదు. బోరుబండ్లు వాటితో పోలిస్తే పిడికెడు. ప్రతి బండికీ అది ఎక్కడుందో చూపే పరికరం బిగించి, పంచాయతీ తీర్మానం లేకుండా ఏ బండీ ఊరి శివారులో రాడ్డు దించకూడదని నిబంధన పెడితే, తప్పుకు శిక్ష అప్పు చేసిన రైతుకు కాక, అడుగుకు ఇంత అని వసూలు చేసే యజమానికి పడుతుంది. పరిశ్రమలకు, నీళ్లమ్మే ట్యాంకర్లకు మాత్రం మీటరు, రుసుము రెండూ ఉండాలి. ఊరి ఉమ్మడి నీటితో వ్యాపారం చేసేవారికి రైతుకున్న మినహాయింపు వర్తించదు.

ఊరికి అధికారం ఇస్తే పెద్దల పెత్తనం నడుస్తుందని భయపడేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. పంచాయతీలోనూ బలవంతుడి మాటే చెల్లే ఊళ్లున్నాయి. అందుకే లెక్కలు రహస్యంగా కాక గోడ మీద ఉండాలంటున్నాను. అంకె అందరికీ తెలిసినచోట అన్యాయం దాగదు. తీర్మానం మీద అభ్యంతరం ఉన్నవారికి మండల, జిల్లా స్థాయిలో అప్పీలు ఉండాలి. ఇప్పటి అనుమతి పద్ధతిలో పెత్తనం లేదా? అక్కడ అది తలుపుల వెనక నడుస్తోంది. అధికారుల చేతిలో చిక్కిన కాగితంకంటే, నలుగురిలో తేలిన లెక్కే చిన్న రైతుకు భద్రం.

చివరిగా తాగునీటి సంగతి. నల్లగొండకు నీటి నియంత్రణ ఒక్క పంటల సమస్య కాదు. ఇక్కడి గ్రానైటులోని ఫ్లోరైడు నీళ్లలో కరిగి తరాల ఎముకలను వంచింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పిల్లల వంగిన కాళ్లు దేశమంతటికీ తెలుసు. ఫ్లోరైడు తొలగించేందుకు 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ కనిపెట్టిన విధానానికి నల్లగొండ పేరే స్థిరపడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, ఫ్లోరైడు పీడితుల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద వందలాది మంది పోటీకి దిగడంతో నల్లగొండలో అభ్యర్థుల సంఖ్య 480కి చేరి, దేశం దృష్టి ఈ బాధ వైపు తిరిగింది. ఇప్పుడు మిషన్ భగీరథ నదీ జలాలను ఇంటింటికీ తెచ్చింది. ఆ గొట్టాలు ఆగిన రోజున ఊరు మళ్లీ బోరు దగ్గరికే పోతుంది. ఎంత లోతుకు పోతే అంత మంచి నీళ్లు అన్న నమ్మకం ఈ బండల్లో చెల్లదు. పైపొరల్లో వానతో ఇంకిన నీటిని కాపాడుకోవడమే ఇక్కడి మనుషుల ఆరోగ్యానికి కూడా రక్ష.

దేశం మొత్తంలో ఏటా తోడే భూగర్భ జలం దాదాపు 240 ఘనకిలోమీటర్లు. ప్రపంచంలో ఇంకే దేశమూ ఇంత తోడడం లేదు. ఇందులో ఎక్కువ భాగం వ్యవసాయానికే పోతోంది. కాబట్టి రైతును పక్కన పెట్టి ఈ నీటిని ఎవరూ కాపాడలేరు, రైతు ఒంటరిగా కూడా కాపాడలేడు. ప్రభుత్వం ఎంత నియంత్రించాలి అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. లెక్కకు కావాల్సిన అంకెలు ఇచ్చేంత, బోరుబండిని ఆపేంత, ఆరుతడి పంటను కొనేంత, ఊరి తీర్మానాన్ని నిలబెట్టేంత. అంతకు తక్కువైతే అది బాధ్యత నుంచి తప్పుకోవడం, అంతకు మించితే ఊరి పని లాక్కోవడం. రాబోయే యాసంగికి ముందు మీ ఊరి గ్రామసభలో ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడు మన నేల కింద ఎంత నీరుంది, దానితో ఎన్ని ఎకరాలు పండుతాయి? జవాబు తేల్చే బాధ్యత ఊరిది, ఆ జవాబుకు విలువ తెచ్చే బాధ్యత చట్టానిది.